జేబులో ఫ్యూజు

మా ముత్తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీపటేలు. తాత ఆర్మూరు గంజి మార్కెట్లో పసుపు అడ్తి వ్యాపారం నడిపి సినిమా హాలు కట్టించాడు. నాన్న కాలానికి ఆ హాలొక్కటే మిగిలింది.

హాలుకు చల్లగాలి పంపే బ్లోయర్‌ను బిగించింది నిజామాబాద్ మెకానిక్ సాబు. ఏటా ఎండలకు ముందు వచ్చి శుభ్రం చేసేవాడు. దాన్ని ముట్టుకునే ముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు.

"గిది నా జేబుల ఉంటెనే నా చేతి ఏళ్లు నాకుంటయి" అని నవ్వేవాడు.

ఒక ఏడు నాన్న, నేను వెంట ఉండగా సాబు బ్లోయర్ గది తెరిస్తే లోపల పసుపు బస్తాలు. బ్లోయర్ గాలి పీల్చే జాలీ నిండా పసుపు దుమ్ము.

"ఇవెవరియి దొరా?"

"మావే" అన్నాడు నాన్న.

అప్పటికి మాకు గుంట భూమి కూడా లేదు. ఊరికి తెలియకుండా ఆ గదిని ఒక సేటుకు కిరాయికిచ్చాడు. బస్తా మీద సేటు పేరు ఎర్రగా కనబడుతూనే ఉంది. సాబు చదివాడు. పేరును గోడవైపు తిప్పాడు. నేను తలెత్తలేకపోయాను.

"గీ దుమ్ము మోటరుల పోతె అగ్గి అంటుకుంటది. లోపల మంది కూసుంటరు. బస్తాలు పోయినంకనే ఫ్యూజు పెడ్త దొరా."

నాన్న ఎంత గద్దించినా సాబు జేబు మీది చెయ్యి తీయలేదు. చివరికి సేటుకు కబురు వెళ్లింది. టికెట్ల వరుసలో నిలబడ్డ ఊరంతా చూస్తుండగా సేటు హమాలీలు బస్తాలు మోసుకుపోయారు.

ఆ కిరాయీ ఆగాక, ఆ ఎండాకాలంలోనే హాలును ఆ సేటుకే అమ్మేశాం.