అట్టుసా మీద ప్రసంగం

మా అమ్మ ఆదివారాలు రంగూన్‌లోని తాకేటాలో గుడి పక్క హాల్లో పిల్లలకి తెలుగు చెబుతుంది. ఇక్కడి మన పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం బర్మీస్‌లోనో ఇంగ్లీషులోనో వస్తుంది. అందరి పిల్లల చేతా అఆలు దిద్దించిన మనిషికి, సొంత మనవరాలి నోట నాలుగు తెలుగు మాటలు వరసగా వినే యోగం పట్టలేదు. మా అమ్మాయి పదో తరగతికొచ్చినా అమ్మమ్మతో "ఊఁ", "వద్దు"లతోనే నెట్టుకొచ్చేది. అమ్మకి అదే బెంగ. నాతో పోట్లాట పెట్టుకున్నప్పుడల్లా ముందు అదే తీసేది.

కిందటేడు బడి వార్షికోత్సవంలో మనవరాలు నలుగురి ముందూ తెలుగులో మాట్లాడి తీరాలని అమ్మ పట్టుబట్టింది. ఇద్దరూ ఇద్దరే మొండిఘటాలు, మధ్యలో దూరితే నలిగేది నేనే కనక ఊరుకున్నాను. పిల్ల ఒప్పుకుంది! విషయం మాత్రం తనిష్టమేనంది. దానికి తవ్వకాల పిచ్చి. టర్కీ కొండల్లో బయటపడ్డ పాత రాజధానిని ఫోన్‌లో చూస్తూ కంచంలో అన్నం చల్లార్చేది.

"ఏటి సెప్తావే?" అంది అమ్మ.

"హట్టుసా." అది ఆ రాజధాని పేరు.

మా వాళ్ళ నోట్లో హకారం నిలవదు, చెవిలోనూ నిలవదు. మర్నాటికల్లా బోటాటౌంగ్‌లో మా పప్పుల కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ, మనవరాలు అట్ల గురించి మాట్లాడుతుందన్న కబురు చేరిపోయింది. నేను చెప్పబోతే, "నీకేటి తెల్సు, ఊరుకో" అని కసిరి, అమ్మ బడి మొత్తానికీ సరిపడా మినప్పప్పు నానబెట్టింది. సరే, నా సొమ్మేం పోయిందని నేనూ ఊరుకున్నాను.

హాలంతా అట్ల వాసన. జనం పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మైకు పట్టుకున్న పెద్దాయన, "ఇప్పుడు మన పాప అట్టు ఎలా ఎయ్యాలో సెప్తాది" అన్నాడు. నేను పమిట నోట్లో కుక్కుకున్నాను. మా అమ్మాయి మొహం జేవురించింది.

"అట్టు కాదు, అట్టుసా!" అని అరిచింది. కోపంలో తనూ హకారం మింగేసింది. హాలు గొల్లుమంది.

దానికీ నవ్వొచ్చేసింది. పెద్ద బొమ్మ ఒకటి పైకెత్తి చూపించింది. రాతి గుమ్మానికి అటొకటి ఇటొకటి సింహాలు.

"చింతేల్నాగున్నాయే! ఏ పగోడా అది?" అంది ముందు వరసలోంచి అమ్మ. పగోడాల ముందు కాపలా కూర్చునే చింతేలే ఆవిడకి తెలిసిన సింహాలు.

"పగోడా కాదు అమ్మమ్మా, కోట. హిట్టైట్ రాజులది. మూడు వేల ఏళ్ళు దాటింది."

తర్వాత కాగితం తీసింది. ఫోన్‌ని అడిగి తర్జుమా చేయించుకున్న గ్రాంథికం. "నగరవాసులు నగరమును పరి... పరిత్య..." దగ్గర నాలుక మడతపడిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. కుదరలేదు. అమ్మ చేతివేళ్ళు చీర కుచ్చిళ్ళు నలిపేస్తున్నాయి. పిల్ల కాగితం మడిచి పక్కన పడేసింది.

"ఆలు సామాన్లన్నీ సర్దీసి, ఊరొగ్గీసి ఎల్పోనారు. తరవాత ఊరు తగలడిపోయింది. ఎటెల్పోనారో ఎవులికీ తెల్దు."

అది మా వంటింటి తెలుగు. మన చుట్టాలు ఒక్కొక్కరూ రంగూన్ వదిలిపోయిన సంగతి చెప్పేటప్పుడు అమ్మ అనే మాటలే అవి. బడిలో మాత్రం అలాంటి మాటొకటి దొర్లితే పిల్లల్ని నిలబెట్టి దిద్దేది. ఇప్పుడు దిద్దలేదు. దాని నోరే చూస్తూ కూర్చుంది.

"మరి ఆల బాసో? ఇప్పుడెవులు మాటాడతారు?" అని అడిగింది అమ్మ.

"ఎవులూ నేరు అమ్మమ్మా. మట్టి పలకల మీద రాసింది ఉంది. సదవగల్రు. ఇంట్లో మాటాడీవోలే నేరు."

మైకు పెద్దాయన టైమైపోయిందనుకుని చప్పట్లు కొట్టించడానికి లేవబోయాడు. అమ్మ ఆయన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నువ్వాపకమ్మా," అంది మనవరాలితో. "ఇంకా సెప్పు."