పై జట్టు, కింది జట్టు

పన్నెండేళ్ళుగా ఈ మాట నాలోనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. చెబితే "ఇంత చిన్నదానికా" అంటుందని భయం. చిన్నదే. చిన్నది కాబట్టే మొయ్యలేకపోతున్నాను. పెద్ద తప్పుకైతే ఏదో ఒక కారణం దొరుకుతుంది, భయాన్నో అవసరాన్నో అడ్డం పెట్టుకోవచ్చు. దీనికి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

కువైట్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో ఆటల పేజీ పని చూసేవాణ్ణి. ఇరాక్ యుద్ధం మొదలయ్యాక అక్కడ అమెరికన్లు పెరిగారు. వాళ్ళ కోసం వాళ్ళ ఫుట్‌బాల్ ఫలితాలు కూడా వేసేవాళ్ళం. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట అది. దాని నియమాలు నాకు సగమే తెలుసు. వార్తాసంస్థ పంపిన పట్టికను కత్తిరించి పేజీలో కూర్చోబెట్టడం వరకే నా పని.

సత్తిబాబు కోనసీమవాడు. దజీజ్‌లో అమెరికన్ల సరుకు దిగే ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఫర్వానియాలో మేమిద్దరం ఒకే మెస్‌లో తినేవాళ్ళం. గోడౌన్ టీవీలో ఆ ఆట చూసి చూసి అతనికి పిచ్చి పట్టింది. ఆట పిచ్చి కాదు, అంకెల పిచ్చి. ఏ జట్టు నిజంగా గట్టిదో అంకెల్లో తేల్చాలి. పందెం కాయడానికి కాదు. ఊరికే.

"గెలిచిన కోడిని చూస్తే ఏం తెలుస్తుందండీ. ఏ కోడి మీద గెలిచిందో, ఎవరి బరిలో గెలిచిందో చూడాలండి" అనేవాడు.

ప్రతి జట్టుకూ ఒక మార్కు వేసేవాడు. ఎంత తేడాతో గెలిచింది, ఎదుటి జట్టు మార్కు ఎంత, ఆట సొంత ఊళ్ళో జరిగిందా పరాయి ఊళ్ళోనా, ఇవన్నీ చూసి వారం వారం ఆ మార్కును సవరించేవాడు. పాత ప్యాకింగ్ లిస్టుల వెనకవైపు, స్కేలు పెట్టి గీసుకున్న గళ్ళలో. ఇంటర్‌తో చదువు ఆపేసిన మనిషి. ఆఫీసులో పారేసే పట్టికల కాగితాలు నేను తెచ్చి ఇచ్చేవాణ్ణి. వాటిలో రెండు జట్ల పేర్లు ఒకదాని కింద ఒకటి, పక్కన పాయింట్లు ఉంటాయి. సొంత ఊరు ఎవరిదో రాసి ఉండదు. మొదటి వారమే అడిగాడు. అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా చెప్పాను, పైనున్నదే సొంత ఊరి జట్టని.

కాలితో ఆడే ఫుట్‌బాల్‌లో అంతే. అమెరికన్లు తిరగేసి రాస్తారు. పరాయి ఊరి నుంచి వచ్చిన జట్టు పైన, సొంత ఊరి జట్టు కింద. ఆ సంగతి నాకు తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు. ఇదీ తప్పే. కానీ ఒప్పుకోవడానికి కూర్చున్నది ఈ తప్పును కాదు.

సీజన్ సగం దాటేసరికి సత్తిబాబుకి ఒక విచిత్రం కనిపించింది. సొంత ఊళ్ళో ఆడే జట్లే ఎక్కువగా ఓడుతున్నాయి. మళ్ళీ మళ్ళీ లెక్క వేశాడు. అదే వచ్చింది. తెలిసినవాళ్ళ ముందు ఆడాలంటే బెరుకు ఉంటుంది కాబోలని కారణం కూడా తనే వెతుక్కున్నాడు. నాకు చెబితే తల ఊపాను. అప్పుడే గోడౌన్‌లో స్టాక్ ప్లానింగ్ టేబుల్‌కి ఒక మనిషి కావలసివచ్చింది. ఏసీ గది, కాగితాల పని. నడుము పట్టేసి ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చోలేకపోతున్న సత్తిబాబు ఆ పని కోసం ఆశపడ్డాడు. అతని అంకెల సంగతి విన్న అమెరికన్ సూపర్‌వైజర్, ఆ కాగితాలు పట్టుకురా చూస్తానన్నాడు.

చూపించిన రోజు సాయంత్రం సత్తిబాబు మెస్‌కి ఆలస్యంగా వచ్చాడు. వంట చేసే ఓబులేసు కడపవాడు. కబురు అతనికి అప్పటికే చేరింది.

"ఏం సత్తిబాబూ, అమెరికావోనికే ఆట నేర్పేకి పోతివంట గదప్పా" అన్నాడు చారు పోస్తూ. తింటున్నవాళ్ళు నవ్వారు. సత్తిబాబు కూడా నవ్వబోయి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"గురువుగారూ, ఓ మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. సొంతూరి జట్టు పైదన్నారా, కిందదన్నారా?"

"ఏమైంది?"

"మొత్తం తిరగబడిపోయిందండి. మొదటి కాయితం చూడగానే, ఈ ఆట మా ఊళ్ళోనే జరిగింది, మా తమ్ముడెళ్ళి చూశాడు, నువ్వు మా జట్టుకి పరాయూరని రాశావేంటన్నాడండి ఆ సూపర్‌వైజరు. ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళారో తెలీనోడికి స్టాకు ఎలా అప్పజెప్పనన్నాడు. ఆ పనికి ఎవరి పేరో ఎల్లుండి పైకి పంపుతాడంటండి. మీరు పైదని చెప్పుంటే, రేపెళ్ళి ఆ మాటే చెప్పుకుంటాను. లెక్క సరైందే బాబూ, నాకు చెప్పినాయన పొరబడ్డాడని."

ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. పూర్తిగా అర్థమైంది.

"కిందదనే చెప్పాను సత్తిబాబూ. రోజూ చూసే పనేగా నాది."

అతను నా మొహంలోకి చూశాడు. అనుమానంగా చూసి ఉంటే చెప్పేసేవాణ్ణేమో.

"అయితే నేనే తిరగేసుకున్నానండి. మీరు సరిగ్గానే చెప్పుంటార్లెండి. మన బుర్ర ఇంతే."

ఎందుకలా అన్నాను? పేజీలో తప్పుందని పాఠకుడు ఫోన్ చేస్తే, చూడకముందే "సరిగ్గానే ఉందండీ" అనడం మా వృత్తిలో త్వరగా అలవాటవుతుంది. ఆ అలవాటే నా చేత అలా అనిపించిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. పాఠకుడికి అలా చెప్పాక పాత ప్రతి తీసి చూసేవాణ్ణి, తప్పుంటే మర్నాడు సవరణ వేసేవాణ్ణి. సత్తిబాబుకి ఆపాటి చెయ్యలేదు. ఒప్పుకుంటే నా ఉద్యోగం పోదు, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డుకు ఇబ్బంది లేదు. ఆ మెస్‌లో ఏ వార్త నిజమో, ఏది పుకారో నన్నడిగి తేల్చుకునేవాళ్ళు. అలాంటి పెద్దమనిషికి ఒక ఆట పట్టిక చదవడం రాదని తేలుతుంది. అంతే. ఆ అంతే కోసం ఒక మనిషి చేత తన బుర్రను తనే తిట్టించాను.

మర్నాడు నాకు సెలవు. గోడౌన్ నా గది నుంచి నడిచి వెళ్ళేంత దూరం. వెళ్ళలేదు. బట్టలు ఉతుక్కున్నాను.

ఆ టేబుల్‌కి వేరే మనిషి వచ్చాడు. నేను చెప్పినా వేరే మనిషే వచ్చేవాడా? కావచ్చు. ఆ ప్రశ్న వెనక దాక్కునే హక్కు నాకు లేదు. తర్వాత సత్తిబాబును సులైబియాలో యార్డుకి, ఎండలోకి పంపారు. వెళ్ళేముందు ఒకసారి కొత్త పట్టికలు ఇవ్వబోతే, "ఎందుకులెండి గురువుగారూ, మీకు శ్రమ" అన్నాడు. అతను మెస్‌లో వదిలేసిన కాగితాలు నేను గదికి తెచ్చుకున్నాను. పైదీ కిందదీ మార్చి, అతను చేసినట్టే మొత్తం మళ్ళీ లెక్క వేశాను. చాలా రోజులు పట్టింది. అంకెలు చక్కగా కుదిరాయి. కూడికల్లో ఒక్క పొరపాటు లేదు. ఆ సంగతైనా చెప్పవచ్చు కదా? చెప్పాలంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి. చెప్పలేదు.

ఇప్పుడతను ఎక్కడున్నాడో తెలియదు. ఇది అతని కంటపడాలని నిజంగా కోరుకుంటున్నానా అంటే, అదీ గట్టిగా అనలేను. క్షమాపణ అడగడం లేదు. మనిషి ఎదురుగా లేనప్పుడు అడగడం మరీ తేలిక. ఒక్క వాక్యం రాద్దామని కూర్చున్నాను. పైదని చెప్పింది నేనే. రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.