శామీర్‌పేట దారిలో దొంగ తరంగం

తొంభైల నడుమ ఒక ఎండాకాలం నన్ను హైదరాబాదులోని వైర్‌లెస్ పర్యవేక్షణ కార్యాలయానికి బదిలీ చేశారు. హోదా ఇంజనీరు, పని మాత్రం వేటగాడిది. అనుమతి లేని రేడియో పరికరం ఎక్కడ పనిచేస్తున్నా జాడ తీసి స్వాధీనం చేసుకోవాలి.

చేరిన రెండో వారమే ఒక విమాన శిక్షణ కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది. పైలట్లు, కంట్రోల్ టవరు మాట్లాడుకునే పౌనఃపున్యంలోకి ఎవరో రైతు చొరబడుతున్నాడట. ఒకరోజు ఆ రైతు ఫోనులో మాట్లాడుతూనే, బోరులోకి మోటారు దించుతున్న కూలీలను “దించకు, దించకు” అని కేకేశాడు. సరిగ్గా అప్పుడే తెలుగు తెలిసిన శిక్షణార్థి ఒకాయన విమానం దించుతున్నాడు. తడబడి మళ్ళీ పైకి లేపాడు. ఫిర్యాదు చదివి ముందు నవ్వాను, తర్వాత చెమట పట్టింది.

మా జీపు మీద తిరిగే యాంటెన్నా ఉండేది. సంకేతం ఏ దిక్కునుంచి వస్తోందో చూపేది. గుండ్లపోచంపల్లి దగ్గర ఒకసారి, మేడ్చల్ దాటాక ఒకసారి కొలిచి మ్యాపు మీద గీతలు గీస్తే, రెండూ శామీర్‌పేట దాపున మాజీ సర్పంచి బుచ్చిరెడ్డి ద్రాక్షతోటలో కలిశాయి. తోట నుంచి ఆయన ఇల్లు కిలోమీటరు పైనే. దొంగదారిన దిగుమతైన కార్డ్‌లెస్ ఫోన్లు కొన్ని అంత దూరమూ పలికేవి. పెట్టె ఇంట్లో, రిసీవరు చేతిలో; ఆ రెంటి నడుమ నేరుగా కూడా మాట్లాడుకోవచ్చు. వాటి శక్తి అనుమతించిన దానికి ఎన్నో రెట్లు.

రెండుసార్లు వెళ్ళాం. రెండుసార్లూ ఆయన మర్యాదగా మజ్జిగ ఇప్పించి, బల్ల మీది మామూలు ఫోను చూపించి పంపించాడు. మూడోసారి జీపు ఊరు చేరుతుండగానే మా రేడియోలో ఆయన భార్య సత్తెమ్మ గొంతు వినిపించింది.

“నెత్తిమీద కడ్డీలున్న జీపు మల్ల వస్తాంది.”

“పరేషాన్ గాకు. పెట్టె అటక మీదనే ఉండనియ్. నా చేతుల ఉన్నది జల్దీ తెచ్చి వడ్ల గుమ్మిల దాస్త,” అన్నాడు బుచ్చిరెడ్డి.

ఇక్కడే చిక్కు. నిబంధన ప్రకారం మేము సంకేతాన్ని కొలవవచ్చు గాని, విన్న మాట బయటపెట్టకూడదు. గుమ్మి వెతుకుతామంటే, మీకెలా తెలుసని అడుగుతాడు. అందుకని డ్రైవరు యాదగిరికి ఆ ఇంటి ఫోను నంబరు ఇచ్చి, బస్టాపు దగ్గర ఎస్టీడీ బూతులో దించాను. నేను పోయి మంచం మీద కూర్చుని మూడో విడత మజ్జిగ అందుకున్నాను.

బల్ల మీది ఫోను మోగింది. దానితోపాటు అటకా మోగింది, గుమ్మీ మోగింది. బుచ్చిరెడ్డి ఒక్క అంగలో వెళ్ళి ఫోను ఎత్తాడు. అవతల ఎవరూ పలకలేదు. పెట్టగానే మళ్ళీ మోగింది. గుమ్మి పక్కన చింతపండు గింజలు తీస్తున్న ఆయన తల్లి తలెత్తకుండానే, “గుమ్మి గూడ మోగుతాంది బిడ్డా, జర ఎత్తు,” అంది.

బుచ్చిరెడ్డి ఫోను ఎత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. “ఎలుకలని జెప్దామనుకున్న సారూ. గని ఎలుక గింత సక్కగ మోగదు,” అన్నాడు.

అప్పుడు విమానం సంగతి చెప్పాను. ఆయన, “గాయన మంచిగనే దిగిండా?” అని అడిగి, దిగాడని విన్నాకే గుమ్మిలో చెయ్యి పెట్టాడు. అటక మీది పెట్టెను కూడా తనే దించాడు. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఆయన మీది కేసులో సంతకం పెట్టడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఆయనే పక్కింటివాళ్ళను పిలిచి, సారు తప్పేమీ రాయలేదని నచ్చజెప్పి పెట్టించాడు.

లైసెన్సు అక్కర్లేదని నమ్మించి అమ్మిన దుకాణం చిరునామా కూడా ఇచ్చాడు. నేను కొలతల నివేదిక టైపు చేయించి, పై అధికారి సంతకం తీసుకుని ఆ దుకాణానికి వెళ్ళేసరికి వారం గడిచింది. అక్కడ గాజులు అమ్ముతున్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేవరకూ ఏ పరికరం పట్టుకున్నా, అదే పూట అది అమ్మిన దుకాణానికి వెళ్ళాను. వాడినవాడు ఊళ్ళోనే ఉంటాడు, అమ్మినవాడు ఉండడు.