ఆత్మ దిగిందన్నారు

శుక్రవారం పగలు పదకొండున్నరకు నా మనవరాలు ప్రార్థన మందిరంలో కూలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పిల్లకు పసితనం నుంచీ తలసేమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. ఆ రక్తంలోని ఇనుము ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుని, కిడ్నీ మీదుండే గ్రంథిని పాడుచేసిందని కిందటేడు డాక్టరమ్మ చెప్పింది. జ్వరం తగిలినా, బెదిరినా, తిండి తప్పినా మనిషిని నిలబెట్టే కార్టిసాల్ అక్కడే ఊరాలట. ఈ పిల్లకు ఊరదు. బదులుగా మాత్ర వేసుకోవాలి. మానితే ప్రాణం మీదికొస్తుందని నా మొహం చూసి మరీ చెప్పింది.

మా పేటలో దాన్ని సోమరి అన్నారు. మిరపకోతకు రాలేకపోతే వంకలన్నారు. చివరికి ఉపవాస కూడికలో కూర్చోబెట్టారు. నేను పొద్దున్నే కల్లానికి పోయాను, నాకు తెలియనివ్వలేదు. పక్కింటామె చెబితే కాయలు వదిలేసి పరుగెత్తాను.

గుమ్మంలోనే నా వియ్యపురాలు.

"మాత్ర వేసుకుందా అది?" అన్నాను.

"ఉపవాసమంటే మంచినీళ్లు కూడా ముట్టకూడదొదినా. మాత్రలు నా కొంగులోనే ఉన్నాయి. ఈ ఒక్కపూట దేవుడి మీద ఆనుకోనీ."

అరవై దాటాక బైబిలు చదవాలని అక్షరాలు దిద్దినదాన్ని నేను. మాత్రలు దాచమని అందులో ఎక్కడా కనబడలేదు. ఆ మాట అనబోతుంటే లోపల పిల్ల పడిపోయింది.

"ఆత్మ దిగింది. ఎవరూ ముట్టుకోవద్దు, స్తుతించండి" అన్నాడు సంఘపెద్ద.

"ఆత్మా నీ మొహమా. ఒళ్లు చల్లబడింది, కనబళ్లా? లే పక్కకి."

"అవిశ్వాసపు మాటలు వద్దమ్మా. దేవుని సన్నిధి ఇది."

"చెప్పులు బయట విడిచొచ్చాను, బతికిపోయావు." నా కొడుకు ఇంకా డోలక్ వాయిస్తూనే ఉన్నాడు. "ఒరేయ్, అది అవతల పారేసి కూతురి కాళ్లు పట్టు."

గుంటూరు యార్డుకు పోయే మిర్చి ఆటోను ఆపి పిల్లను బస్తాల మీద పడుకోబెట్టాం. కాయల ఘాటుకు దగ్గింది. ఊపిరుందని అప్పుడు తెలిసింది.

ఆసుపత్రిలో సూదిమందు పడ్డాక కళ్లు తెరిచింది.

"సోమరిదంటున్నారని ఒక్కపూట ఉండి చూపిద్దామనుకున్నా నానమ్మా. పడ్డాక చప్పట్లు వినబడుతున్నాయి. నోరు మాత్రం పెగల్లేదు."

ఆదివారం సంఘపెద్ద లేచి, తన ప్రార్థన వల్లే పిల్ల బతికిందని సాక్ష్యం చెప్పాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఆ శుక్రవారం మందిరంలో ఉన్నవాళ్లు వీళ్లు. ముట్టుకోవద్దన్న సంఘపెద్ద. పాట ఆపని ఆయన భార్య. మాత్రలు కొంగున ముడేసుకున్న నా వియ్యపురాలు. కళ్లు మూసుకుని కూర్చున్న నా కోడలు. డోలక్ వాయించిన నా కొడుకు. చాపల మీద చప్పట్లు కొట్టిన మా పేటవాళ్లు. గుమ్మంలో నేను. నేల మీద నా మనవరాలు.