నీళ్ళతో గీసిన కుర్రాళ్ళు

షికాగో శివార్లలోని నేపర్‌విల్‌లో మా పక్క టౌన్‌హోమ్‌లో ఒక రష్యన్ ఆర్టిస్టు అద్దెకుండేది. ఆమె ఆర్టిస్టని మాకు చాలా రోజులు తెలియదు. శనివారం పొద్దున్నే బకెట్టు, గోడలకు రంగు వేసే వెడల్పాటి బ్రష్షు పట్టుకుని రైల్వే స్టేషన్ వైపు వెళ్తుంటే పెయింటింగ్ కాంట్రాక్టరనుకున్నాం. మా నాన్న గరాజ్ గోడలకి కొటేషన్ కూడా అడిగాడు.

అది 2014 వేసవి. ఆమె దేశపు సైన్యం పక్క దేశంలోకి వెళ్తూనే, మేం వెళ్ళలేదని టీవీలో చెబుతున్న రోజులు. ఆమె తమ్ముడు ఆ సైన్యంలోనే, సరిహద్దు దగ్గర క్యాంపులో ఉన్నాడు. కొన్ని వారాలుగా అతని దగ్గర్నుంచి ఫోన్ లేదు.

ఒక శనివారం షికాగో వెళ్దామని స్టేషన్‌కి వెళ్తే, బయట ఫుట్‌పాత్ మీద ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కనిపించింది. బ్రష్షు బకెట్లో ముంచుతోంది, సిమెంటు పలక మీద గీస్తోంది. పలకకి ఒక కుర్రాడు. నిలువెత్తు మనిషి, పక్కకి తిరిగి పడుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని. బూట్లు, బెల్టు, చెవి. రక్తం లేదు, తుపాకీ లేదు. రంగు కూడా లేదు. బకెట్లో ఉన్నవి వట్టి నీళ్ళు.

ఆమె చివరి పలక దగ్గరికి చేరేసరికి మొదటి కుర్రాడికి మోకాళ్ళ కింద ఏమీ మిగల్లేదు. ఎండ తినేసింది. ఆమె లేచి వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

నా దగ్గర జోకు సిద్ధంగానే ఉంది. 'జారుతుంది జాగ్రత్త' బోర్డు పెట్టలేదేమని అడుగుదామనుకున్నాను. అంతలో జనం వైపు చూశాను. కాఫీ కప్పులతో పరుగులు తీసేవాళ్ళు ఆ తడి బొమ్మల దగ్గరికి రాగానే పక్కకి తప్పుకుంటున్నారు. సైకిల్ మీద వచ్చిన ఒకాయన దిగి, దాన్ని రోడ్డు మీదికి దించి నడిపించుకుంటూ పోయాడు. తప్పుకోమని ఎవరూ చెప్పలేదు.

"పెయింట్‌తో వేస్తే ఉంటాయి కదా?" అన్నాను.

"మా ఊళ్ళో సైన్యంలో చేర్చుకునే ఆఫీసు ముందు ఇలాగే గీశాను. కానిస్టేబుల్ వాళ్ళ ఆఫీసర్ని పిలిచాడు. ఆయన వచ్చేసరికి ఎండ బాగా వచ్చింది. ఏం గీసిందయ్యా అన్నాడు. సైనికుల్ని సార్. ఏరీ అన్నాడు."

"తర్వాత?"

"బకెట్‌ని పట్టుకెళ్ళారు. ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది."

నవ్వకుండా చెప్పింది. మా వీధిలో జోకర్ని నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను. ఆ ఉద్యోగం ఆ నిమిషంలోనే పోయింది.

"అక్కడ చచ్చిపోయినవాళ్ళు కూడా ఇంతే. ఎవరూ చావలేదంటారు. అందుకే నీళ్ళు." బ్రష్షు మళ్ళీ బకెట్లో ముంచుతూ అంది, "మా తమ్ముణ్ణి మాత్రం గీయను. గీస్తే ఆరిపోతాడు."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. మా అమ్మ రోజూ గరాజ్ ముందు బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది, మధ్యాహ్నానికల్లా ఉడతలు దాన్ని భోంచేసేవి. మర్నాడు ఆ ముగ్గు చూడ్డానికి ఆ అమ్మాయి వచ్చి గొంతుక్కూర్చుంది. ఇద్దరు నిపుణులు ముఖాముఖి.

"రోజూ వేస్తారా ఆంటీ?" మా ఇంటికొచ్చే పిల్లల్ని చూసి ఆమెకీ ఆ పిలుపు అలవాటైంది.

"రోజూ. ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం పెట్టం. వాకిలి ఖాళీగా ఉందంటే దారినపోయే వాళ్ళకి కూడా తెలిసిపోతుంది."

అప్పట్నుంచి శనివారాలు అమ్మ కూడా స్టేషన్ దాకా వచ్చి చేతులు కట్టుకుని నిలబడేది. "చుక్కలు పెట్టుకోకుండా ఆ గీత ఎలా తిప్పుతోందిరా!" అనేది. అమ్మ నోట్లోంచి అది పద్మశ్రీతో సమానం.

సెప్టెంబర్‌లో ఒక శనివారం ఫుట్‌పాత్ పొడిగా ఉంది. మంచి ఎండ. మనిషి లేదు, బకెట్ లేదు.

"ఒరేయ్, ఆ అమ్మాయి తమ్ముడు పోయాడ్రా," అంది అమ్మ.

"ఆమెకి జలుబు చేసుంటుందే అమ్మా."

"వాకిలి ఖాళీగా ఉంది."

"అది ఆమె వాకిలి కాదు, రైల్వే వాళ్ళది."

అమ్మ వినలేదు. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి కాసేపట్లో స్టీలు క్యారేజీలో అన్నం, పోపు లేని పప్పు, పెరుగు సిద్ధమయ్యాయి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని పరామర్శ ముఖం పెట్టుకున్నాడు. ముగ్గురం తలుపు కొట్టాం.

ఆమె తీసింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, జుట్టు చెదిరిపోయి ఉంది. అమ్మ ఆమెను వాటేసుకుని గొల్లుమంది.

"ఆంటీ, ఏమైంది? ఎవరు పోయారు?"

"మీ తమ్ముడు!"

ఆమె ముఖం సున్నంలా అయిపోయింది. చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసింది. అందులోంచి ఒక మగ గొంతు ఏదో అడుగుతోంది.

తమ్ముడే. లారీకెత్తుతున్న పెట్టె కాలి మీద పడి ఎముక విరిగిందట. దళం ముందుకెళ్ళింది, వీడు ఆసుపత్రికి వెళ్ళాడు. తెల్లవారుజాము నుంచీ అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. మేమెందుకు వచ్చామో నేను చెప్పాను. ఆమె గుమ్మంలోనే కూలబడి నవ్వింది, ఏడ్చింది, అమ్మ చేతికిచ్చిన క్యారేజీ మాత్రం వదల్లేదు.

"ఇలా ఇవ్వమ్మా," అని అమ్మ ఫోన్ తీసుకుని తెలుగులోనే చెప్పింది: "బాబూ, ఆ కాలు తొందరగా బాగుచేసుకోకు."

నేను ఇంగ్లీషులోకి, ఆమె రష్యన్‌లోకి మార్చేసరికి కొంత ఆలస్యమైంది. తర్వాత అవతలి నుంచి నవ్వు వినిపించింది. ఆ గొంతు ఇంకా మీసకట్టు రాని పిల్లాడిది.

తర్వాతి శనివారం ఆమె మళ్ళీ బకెట్టుతో వచ్చింది. వరసగా గీసుకుంటూ వెళ్ళి, మధ్యలో ఒక పలకని పొడిగా వదిలేసింది.

అమ్మ ఆ పలకని చూసి కంగారుగా అడిగింది, "తమ్ముడు బాగానే ఉన్నాడు కదా?"

"బాగున్నాడు. అది మీ దగ్గర నేర్చుకున్నదే ఆంటీ. ఇలాంటి ఫోన్ రాని అక్కలున్నారు కదా, వాళ్ళ వాకిలి అది."

జనం తడి కుర్రాళ్ళని తప్పుకుని వెళ్తున్నారు. ఆ పొడి పలకని కూడా తప్పుకుంటున్నారు. అందులో ఏముందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఎండెక్కింది. ఆమె ఈసారి వెనక్కి వెళ్ళి మళ్ళీ గీయలేదు. కుర్రాళ్ళంతా ఆరిపోయాక పలకలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఖాళీగా వదిలింది ఏదో అమ్మకి తెలియలేదు. అందుకని చెప్పులు చేత్తో పట్టుకుని ఫుట్‌పాత్ మొత్తం వదిలేసి, నడవకూడదని బోర్డున్న గడ్డి మీద నుంచి నడిచింది. నేనూ అమ్మ వెనకే నడిచాను. నేనెక్కాల్సిన షికాగో రైలు వెళ్ళిపోయింది.