టీవీలో ఆగిన జయంతుకు మా ఇంట్లో దినాలు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్కటంటే ఒక్క అబద్ధమాడి నా పెళ్ళికే ఎసరు పెట్టుకున్నాను. అదైనా ఎవరి గురించి? రాకెట్టెక్కి చుక్కల్లో తిరిగే మనిషి గురించి. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అప్పట్లో సూరత్‌లో మా గల్లీ మొత్తం నవ్వింది, మీదేం పోయింది.

ఇది తొంభైలలో మాట. మా అమ్మానాన్నలు కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళు. గల్లీలో అందరూ మావాళ్ళే. పవర్‌లూమ్‌ల చప్పుడులో బతికి బతికి, ఇంట్లో ఉప్పు కావాలన్నా అరిచే అడిగేవాళ్ళం. ఆదివారం మగ్గాలు ఆగేవి. ఆ పొద్దున టీవీలో 'నీలా గ్రహ్' అని ఒక హిందీ సీరియల్ వచ్చేది. పైలట్ జయంత్ అనే కుర్రవాడు ఒంటరిగా రాకెట్లో గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతుంటాడు. ఆ రాకెట్ అట్టముక్కలతో చేసిందనీ, వేరే గ్రహం వాడి నెత్తి మీద ఉన్నది అన్నం వార్చే గిన్నె అనీ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అయినా మా ఆడవాళ్ళకు జయంత్ అంటే ప్రాణం.

టీవీ మా ఇంట్లో ఉండేది. ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు కూరగాయలు బేరమాడేంత హిందీ వచ్చుగానీ, రాకెట్ నడిపేంత హిందీ రాదు. నేను ఇక్కడి హిందీ బడిలో చదివినవాణ్ణి. అందుకని టీవీ పక్కన కుర్చీ వేసుకొని జయంత్ మాటలు తెలుగులో చెప్పేవాణ్ణి. చాయ్ ముందు నాకే వచ్చేది. వాడు ఒక మాటంటే నేను నాలుగు కలిపేవాణ్ణి. "భూమ్మీద ఉన్న వాళ్ళమ్మను యాది చేసుకుంటున్నడవ్వా" అంటే చాలు, పక్కింటి లచ్చవ్వ కొంగు తడిసిపోయేది. లచ్చవ్వ మా గల్లీకి పెద్దదిక్కు. పుట్టినా చచ్చినా ఆమె చెప్పినట్టే జరగాలి.

ఒక ఆదివారం జయంత్ రాకెట్‌కు పెద్ద రాయి తగిలింది. లోపల గాలి అయిపోతోంది. వాడు జేబులోంచి వాళ్ళమ్మ ఫోటో బయటికి తీసి "మా..." అన్నాడు. మిగతాది వచ్చే వారం అన్నారు. వచ్చే వారం మేమంతా తలస్నానాలు చేసి కూర్చుంటే, ఆలుగడ్డలకు తెగులు పడితే ఏ మందు కొట్టాలో చెప్పే కార్యక్రమం వచ్చింది. ఆ పై వారమూ ఆలుగడ్డలే. సీరియల్ ఆపేశారు. ఎందుకో చెప్పిన పాపాన పోయినవాడు లేడు.

సరిగ్గా అప్పుడే నాకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు సుజాత, ఉండేది సూరత్ శివార్లలో ఉన్ అనే పేటలో. వాళ్ళ నాన్న నర్సయ్య ఆ పక్కనే సచిన్ అనే ఊళ్ళో అద్దకం మిల్లులో పనిచేసేవాడు. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ నా బక్కతనం చూసి పారిపోయాయి. చూపులనాడు సుజాత నన్ను అడిగింది ఒకటే ప్రశ్న.

"ఇంట్ల టీవీ ఉన్నదా?"

"ఉన్నది. కలర్‌ది" అన్నాను ఛాతీ విరిచి.

ఆమె చిన్నగా నవ్వింది. నేను ఆ నవ్వు వెంట ఉన్ నుంచి ఇంటిదాకా గాలిలో తేలి వచ్చాను. ఈ పిల్లే కావాలి, లేకపోతే మగ్గానికే తాళి కట్టుకుంటానని అమ్మతో తెగేసి చెప్పాను. వాళ్ళు మా ఇల్లు చూడ్డానికి రావడమొక్కటే మిగిలింది.

ఇటు లచ్చవ్వ మాత్రం నన్ను వదల్లేదు.

"ఏందిరా రాజేశం, జయంతు సంగతేమన్న తెలిసిందా?"

"లేదవ్వా."

"గాలన్న అందుతుందా పోరగానికి?"

"నాకేం ఎర్క అవ్వా?"

"నీకెర్క లేకుంటే ఎవలకెర్క? ఇన్నొద్దులు నువ్వేగద చెప్పినవు."

నీళ్ళ దగ్గర ఇదే, చాయ్ దగ్గర ఇదే. నాకు తెలియదని ఒప్పుకుంటే కుర్చీ పోతుంది, ముందొచ్చే చాయ్ పోతుంది. ఒకరోజు పనికి ఆలస్యమై చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ అడ్డం వచ్చింది. నాకు తిక్క రేగింది.

"సచ్చిపోయిండవ్వా. గాలి అందక సచ్చిపోయిండు. ఇగ ఇడిశిపెట్టు."

లచ్చవ్వ గడప మీద అట్లాగే కూలబడింది. పీడా పోయిందనుకొని నేను పనికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి గల్లీలో ఒక్క పొయ్యీ వెలగలేదు.

"తల్లి యాడనో కింద, కొడుకు యాడనో మీద" అంటోంది లచ్చవ్వ ముక్కు చీదుతూ. "దిక్కులేని సావు సావొద్దు. ఆదారం పూట దినాలు చేద్దాం."

"అవ్వా, అది సీరియలే" అన్నాను.

"సీరియలైతే మనిషి కాడా? వారం వారం మీ ఇంటికే వచ్చిండు. మీ ఇంట్లనే చెయ్యాలె. నువ్వే గుండు కొట్టించుకోవాలె."

నేను లబోదిబోమన్నాను. పెళ్ళి కావలసినవాణ్ణి, గుండేమిటి. బేరమాడి బేరమాడి చివరికి మీసం దగ్గర తెంపుకున్నాం. అదీ మామూలు మీసం కాదు, జయంత్‌ను చూసి ముచ్చటపడి పెంచుకున్నది. ఆడపిల్లవాళ్ళు వచ్చేది పై ఆదివారం కదా, అప్పటికి కొంచెమన్నా మొలవకపోతుందా అని గుండె రాయి చేసుకున్నాను.

ఆదివారం హిందీ పేపర్లోంచి కత్తిరించిన జయంత్ బొమ్మకు ఫ్రేము కట్టి, దండేసి, దీపం పెట్టారు. "పాపం ఎప్పుడు చూసినా అన్నం బదులు మందు గోలీలే మింగుతుండె, కడుపునిండ తిన్నది లేదు" అని లచ్చవ్వ మటన్ కూర వండి, విస్తరిలో అన్నంతో సహా మేడ మీద పిట్టకు పెట్టింది. మామూలుగా కాకుల్ని గంటసేపు బతిమాలాలి. ఆరోజు మాత్రం ఒక కాకి పిలవకముందే వచ్చి ముక్కలన్నీ ఏరుకొని తినేసింది.

"చూసినవా, నిజంగనే పోయిండు" అని లచ్చవ్వ ఘొల్లుమంది. నా అబద్ధానికి కాకి వచ్చి సాక్ష్యం చెప్పింది.

ఆ ఏడుపులు మంచి ఊపులో ఉండగా గుమ్మంలో నర్సయ్య నిలబడ్డాడు. పక్కన సంబంధం తెచ్చిన మల్లేశం మామ. పై ఆదివారం మిల్లులో పని పడిందని ఈ ఆదివారమే వచ్చేశారు. నర్సయ్య దండేసిన ఫోటో చూశాడు, మీసం లేని నన్ను చూశాడు, చెప్పులు బయటే ఉంచి మెల్లగా ఒక మూల కూర్చున్నాడు.

"ఎవలు పోయిండ్రవ్వా?" అని అడిగాడు గొంతు తగ్గించి.

"మా జయంతు బిడ్డా."

"మీకేమైతడు?"

"మా గల్లీలందరికి కొడుకే."

"నెత్తికి అదేంది, హెల్మెటా? మోటర్ సైకిల్ మీదికెల్లి పడ్డడా?"

"లేదు బిడ్డా. గాలి అందక పోయిండు."

నర్సయ్య ముఖం మారింది. "దమ్ము బీమారి ఇంట్ల ఇంకెవలకన్న ఉన్నదా?" అంటూ నా బక్క ఛాతీ వైపు చూశాడు.

"మామా, ఆయన టీవీల మనిషి" అన్నాను నేను.

"అట్లనా. టీవీలు రిపేరు చేస్తుండెనా పాపం" అన్నాడు నర్సయ్య.

అమ్మ మంచినీళ్ళిస్తే ముట్టలేదు. చావు ఇంట్లో ముట్టరు కదా. లేచి నిలబడ్డాడు. అలాంటి ఇంటి నుంచి పోయేటప్పుడు 'పోయొస్తం' అనకూడదని మీకు తెలిసిందే. అయినా ఆ ఒక్కమాట అంటాడేమోనని ఆయన నోటి వైపే చూశాను. ఆయన తల వంచుకొని చప్పుడు చేయకుండా పోయాడు. ఆ పూట జయంత్ కోసం ఏడ్చినవాళ్ళందరి కంటే నేనే గట్టిగా ఏడ్చాను.

రెండు రోజులకు మల్లేశం మామ వచ్చాడు.

"ఏం పని చేసినవురా అల్లుడా? సావు ముట్టుడున్న ఇంట్ల ఏడాదిదాక పెండ్లి లేదని నర్సయ్య ఇంటికి పోయి చెప్పిండు. ఎవలు పోయిండ్రని పిల్ల అడిగింది. హెల్మెట్ పెట్టుకున్న జయంతట, గాలి అందక పోయిండట అన్నడు. పిల్ల ముందుగాల పడిపడి నవ్విందట."

"తర్వాత?"

"తర్వాత కోపానికొచ్చింది. జయంత్ సావలేదు, సచ్చిండన్నోన్ని నేను చేసుకోను అని కూసున్నది."

టీవీ ఉన్నదా అని ఆమె ఎందుకడిగిందో అప్పుడు వెలిగింది నా బుర్రలో. పరుగెత్తుకుంటూ పోయి లచ్చవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"అవ్వా, జయంతు బతికిండు. సీటు కింద ఇంకో గాలి సిలిండర్ దొరికింది."

"కాకి ముట్టినంక బతుకుతడారా?"

"బతికిండవ్వా, నా మీద ఒట్టు."

లచ్చవ్వ సంతోషంతో మళ్ళీ ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకొని పెద్దరికంలోకి వచ్చింది. "కర్మ అయిపోయినోడు తిరిగొస్తే ఊకె ఇంట్లకు రానియ్యరు. మళ్ళ పుట్టినట్టు చెయ్యాలె. తొట్టెలేసి పేరు పెట్టాలె."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని సామెత. నా విషయంలో కొడుకు పేరు జయంత్. వచ్చే ఆదివారం మా ఇంటి నడిమధ్య దూలానికి చీర కట్టి ఊయల వేశారు. దండ తీసేసి, ఫ్రేమును అందులో పడుకోబెట్టి, బొట్టు పెట్టి, ఆడవాళ్ళంతా చుట్టూ చేరి జోలపాట ఎత్తుకున్నారు.

పాట మధ్యలో నర్సయ్య మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి వెనుక మల్లేశం మామతో పాటు సుజాత కూడా ఉంది. మామ చేత నేను పంపిన సిలిండర్ కబురు విని, మిల్లు పని మాన్పించి మరీ తండ్రిని లాక్కొచ్చింది. పెళ్ళికి ముందే ఆడపిల్ల అబ్బాయి ఇంటికి రావడమేమిటంటారా? మీరు ఆమె పట్టుదల చూడలేదు. నర్సయ్య ఊయలను చూశాడు, నన్ను చూశాడు.

"మల్లేశం, పోయిన వారం సావు, ఈ వారం తొట్టెల. ఈ పిల్లగానికి పెండ్లి కాలేదంటివి గద. బిడ్డ ఎవలది?"

"మా రాజేశమే తెచ్చిండు" అంది లచ్చవ్వ గర్వంగా.

"తల్లేది?"

"తల్లికి ఇంక ఎర్కలేదు బిడ్డా."

నర్సయ్య గోడ పట్టుకున్నాడు. సుజాత మాత్రం నేరుగా పోయి ఊయలలోకి తొంగిచూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే తాడు పట్టుకొని ఊపింది.

"సీటు కింద సిలిండర్ అన్నది నువ్వేనా?" అని అడిగింది నన్ను.

"నేనే."

"ఆ రాకెట్‌ల సీటు కింద మందుల డబ్బా ఉంటది. సిలిండర్ ఉండది."

"మరెట్ల బతికిండు?"

"నాకెర్క లేదు. కానీ బతికిండు."

చూశారా, అంత పెద్ద అభిమాని తనకు తెలియదని ఎంత హాయిగా చెప్పిందో. ఆ రెండు ముక్కలు నాకు ముందే వచ్చి ఉంటే నా మీసం దక్కేది. నర్సయ్యకు సంగతంతా అర్థమయ్యేసరికి చాయ్ చల్లారిపోయింది. అయినా తాగాడు.

"ఏమంటవు బిడ్డా?" అని కూతుర్ని అడిగాడు.

"మూతి మీద మీసం రానియ్యిండ్రి బాపూ. వచ్చినంక ముహూర్తం పెట్టుకుందాం."

నర్సయ్య చెప్పులు వేసుకొని గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి అన్నాడు. "మరి పోయొస్తం."

ఆనాడే దీపం ముందు నిలబడి, నున్నటి పై పెదవి మీద చేయి వేసి ప్రమాణం చేశాను. నా కళ్ళతో చూడనివాణ్ణి చంపను, చంపినవాణ్ణి బతికించను, తెలియనిది తెలియదనే చెబుతాను. పెళ్ళయి ఇన్నేళ్ళు ఆ మాట మీదే నిలబడ్డాను. మొన్న, పళ్ళన్నీ ఊడిపోయిన లచ్చవ్వ ఊరినుంచి ఫోన్ చేసి అడిగేదాకా.

"అరే రాజేశం, ఆ జయంతు ఇల్లు చేరిండా?"

నాకెర్క లేదవ్వా అనబోయాను. ఎదురుగా సుజాత నన్నే చూస్తోంది. ముసలిదాని గొంతులో ఆ ఆదుర్దా విన్నాక మనసు ఒప్పలేదు.

"చేరిండవ్వా. పెండ్లి అయింది, ఇద్దరు పిల్లలు."

ముసలిది వెంటనే అందుకుంది.

"అయితే తొట్టెలకు నన్నెందుకు పిలువలేదురా?"