శుభ్రమైన కల్లు

అంబాజీపేట అవతల సుబ్బరాజుగారి కొబ్బరితోట గట్టు మీది తాటిచెట్లు ఏడుకొండలు గీయబట్టి ముప్పై ఏళ్లయింది. చెట్టు రాసుకుని రాసుకుని అతని ఛాతీ బెరడులా గరుకెక్కింది. రోజూ పొద్దున్నే కల్లు దింపి పాతపంచె గుడ్డలో వడకడతాడు. తీపికి కుండలో పడి గుడ్డలో మిగిలిన తేనెటీగల్ని అరటాకు మీద పోసి ఎండలో పెడతాడు. ప్రాణమున్నవి రెక్కలారి ఎగిరిపోయేదాకా ఎవరు తొందరపెట్టినా కల్లు పొయ్యడు.

కిందటి నెల రాజుగారు తెల్లదోమకని కొబ్బరాకులకు మందు, రాలిన కాయ కనబడాలని నేలకు గడ్డిమందు కొట్టించారు. ఇప్పుడు తోట ఊడ్చినట్టుంది. గట్టున తుమ్మిపూలు లేవు, కొబ్బరి పూగెలల దగ్గర తేనెటీగల రొద లేదు. పిందెలు మాత్రం రోజూ రాలుతున్నాయి.

ఇవాళ ఏడుకొండలు గుడ్డ విప్పి దులిపాడు. ఏమీ పడలేదు. అయినా అరటాకు పరిచి దాని ముందే కూర్చున్నాడు. ఎండ ఆకు మీదికొచ్చాక లేచి రాజుగారికి కల్లు పోశాడు.

రాజుగారు తాగి మూతి తుడుచుకుని, వడకట్టిన గుడ్డ వైపు చూశారు. "ఒక్క ఈగ లేదు. ఇంత శుభ్రమైన కల్లు నేనెప్పుడూ తాగలేదయ్యా."

"ఆయ్," అన్నాడు ఏడుకొండలు, ఖాళీ ఆకు వైపే చూస్తూ. "నేనూ ఎప్పుడూ దింపలేదండీ."